ర్యామ్ కొనే ముందు బోర్డు పేరు చదవండి

 

పోయిన నెలలో ఒక శుక్రవారం, చివరి పీరియడ్ అయ్యాక, మన ప్లస్ వన్ పిల్లవాడొకడు ల్యాబు గుమ్మం దగ్గర వచ్చి నిలబడ్డాడు. చేతిలో రుమాల్లో చుట్టిన కొత్త ర్యామ్ స్టిక్. వాళ్ల నాయన ఒక ఆఫీసు తీసేసిన పాత డెస్క్‌టాప్‌ను చవగ్గా కొనిపెట్టాడు. దాంట్లో ఉన్నది 4 జీబీ ర్యామే. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, ఇక కదలదు. పిల్లవాడు పండక్కి పెద్దవాళ్లిచ్చిన దుడ్డంతా పోగేసుకుని, బెంగళూరు పోయి, ఒక అంగట్లో "8 జీబీ ర్యామ్ ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి పెడితే స్లాటులో దిగలేదు. తిప్పి పెట్టాడు, దిగలేదు. బొటనవేళ్లు ఎర్రబడేదాకా నొక్కాడు. అప్పటికీ దిగకపోతే వాపసు చేద్దామని పోయాడు. సీలు తీసిన సరుకు వాపసు తీసుకోమన్నారు.

మర్నాడు వాళ్ల నాయన కూడా వచ్చాడు. కోపంగా లేడు, కొంచెం నొచ్చుకున్నట్టు ఉన్నాడంతే. "రెండూ ర్యామే కదా సార్? ఇందులో ఇన్ని రకాలుంటాయని వాడికి మాత్రం ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు.

ఆయన అడిగింది న్యాయమే. మన పుస్తకాల్లో ర్యామ్ అంటే ఏంటో ఉంటుంది, కొనేటప్పుడు ఏం చూడాలో ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను. 2025 చివరినుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి. ఇదివరకు పొరపాటున తప్పు స్టిక్ కొంటే "పోనీలే" అనుకునేవాళ్లం. ఇప్పుడు అట్లా అనుకునే పరిస్థితి లేదు.

ర్యామ్ పని గురించి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. హార్డ్ డిస్కు బీరువా అయితే, ర్యామ్ చదువుకునే బల్ల. బీరువాలోంచి తీసిన పుస్తకాన్ని బల్లమీద పరిస్తేనే చదవగలం. బల్ల చిన్నదైతే ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకుంటూ ఉండాలి. కంప్యూటరు నెమ్మదించేది అక్కడే.

గాటు చెప్పే మాట

ర్యామ్ స్టిక్ కింది అంచున బంగారు రంగు కాళ్లు వరుసగా ఉంటాయి. వాటి మధ్యలో ఒకచోట చిన్న గాటు ఉంటుంది. మదర్‌బోర్డు స్లాటులో ఆ గాటుకు సరిగ్గా ఎదురుగా ఒక అడ్డు ఉంటుంది. గాటు అడ్డుమీద కూర్చుంటేనే స్టిక్ లోపలికి పోతుంది.

ఈ గాటు ఎక్కడుండాలనేది తరాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడు మన ఇళ్లల్లో కనబడే డెస్క్‌టాపుల్లో మూడు తరాలున్నాయి: డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5. డీడీఆర్3కు 240 కాళ్లు. డీడీఆర్4కు 288. డీడీఆర్5కు కూడా 288 కాళ్లే, కానీ గాటు వేరే చోట ఉంటుంది. కాళ్ల లెక్క ఒకటే కదా అని ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. మూడింటి పొడవూ దాదాపు పదమూడున్నర సెంటీమీటర్లే కాబట్టి దూరంనుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మన పిల్లవాడు మోసపోయింది అందుకే.

గాటు ఎందుకు మార్చారంటే, మనల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు, కాపాడటానికి. డీడీఆర్3 1.5 వోల్టులమీద నడుస్తుంది. డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1 చాలు. డీడీఆర్4 దాకా ర్యామ్‌కు కావలసిన కరెంటును సర్దే పని మదర్‌బోర్డుది. డీడీఆర్5లో ఆ పనిచేసే చిప్ స్టిక్‌మీదే ఉంటుంది. ఒక తరం స్టిక్‌ను ఇంకో తరం స్లాటులో కూర్చోబెట్టగలిగితే ఏదో ఒకటి కాలిపోయేదే. అందుకని దిగనప్పుడు నొక్కకండి. దిగకపోవడం అంటే "నేను ఇక్కడిదాన్ని కాదు" అని అది చెబుతున్నట్టే. మనవాడి అదృష్టం బాగుండి స్లాటు పగల్లేదు. పగిలుంటే ర్యామ్‌తో పాటు బోర్డు కూడా పోయేది.

ల్యాప్‌టాప్ ర్యామ్ సంగతి వేరు. అది దీంట్లో సగం పొడవే ఉంటుంది. డెస్క్‌టాప్ స్లాటులో పట్టదు. చేత్తో పట్టుకుంటే ఎవరికైనా తేడా తెలుస్తుంది, కానీ ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనేటప్పుడు ఈ తప్పు జరుగుతుంటుంది. లేబుల్‌మీద గానీ వివరాల్లో గానీ "సోడిమ్" అని ఉంటే అది ల్యాప్‌టాప్‌ది. డెస్క్‌టాప్‌ది "యూడిమ్" లేదా ఊరికే "డిమ్".

అన్నిటికంటే ముందు బోర్డు పేరు

ఏ ర్యామ్ కొనాలో నిర్ణయించేది మనం కాదు, అంగడివాళ్లూ కాదు. ముందు మదర్‌బోర్డు, దాని తర్వాత ప్రాసెసర్. కాబట్టి బయల్దేరే ముందు ఇంట్లోనే చేయాల్సిన పని ఒకటుంది. బోర్డు పూర్తి పేరు కాగితంమీద రాసుకోవాలి.

మెషీన్ నడుస్తూ ఉంటే మూత తీయక్కర్లేదు. విండోస్‌లో వెతికే పెట్టెలో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని కొట్టి తెరిస్తే "బేస్‌బోర్డ్ ప్రొడక్ట్" అన్న వరుసలో బోర్డు పేరు, పైన ప్రాసెసర్ పేరు కనిపిస్తాయి. అలాగే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ అని పోతే ఇప్పుడున్న ర్యామ్ ఎంత వేగంతో నడుస్తోందో, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో చూపిస్తుంది. మెషీన్ ఆన్ కాకపోతే ప్లగ్గు పీకి, పక్క మూత తీసి, టార్చి వేసి చూడండి. బోర్డుమీదే పేరు పెద్ద అక్షరాల్లో అచ్చయి ఉంటుంది, ఎక్కువగా స్లాట్ల మధ్యనో ప్రాసెసర్ పక్కనో. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కొత్తగా కట్టించుకునేవాళ్లకైతే అట్టపెట్టెమీదే ఉంటుంది.

పూర్తి పేరు అని ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లు ఎల్‌జీఏ1700 అనే సాకెట్‌లో కూర్చుంటాయి. ఈ ప్రాసెసర్లకు డీడీఆర్4 కూడా తెలుసు, డీడీఆర్5 కూడా తెలుసు. కానీ బోర్డుమీద ఉండే స్లాట్లు ఏదో ఒక రకానివే. బీ660, హెచ్610 లాంటి చిప్‌సెట్లతో రెండు రకాల బోర్డులూ వచ్చాయి. అందుకే "నాది ఐ3-12100, దానికి ర్యామ్ ఇవ్వండి" అంటే సరిపోదు. "నాది బీ660 బోర్డు" అన్నా సరిపోదు. ఆసుస్ బోర్డుల్లో చాలావాటికి పేరు చివర "డీ4" అని ఉంటుంది. గిగాబైట్, ఎంఎస్‌ఐ వాళ్లు చాలాచోట్ల "డీడీఆర్4" అని పూర్తిగానే వేస్తారు. ఆ చివరి తోక చదవకపోతే తెచ్చిన ర్యామ్‌ను అలాగే డబ్బాలో పెట్టుకోవాలి.

మిగతా సాకెట్లతో ఇంత తంటా లేదు. ఏఎండీ ఏఎం4 అయితే డీడీఆర్4 మాత్రమే. ఏఎం5 అయితే డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ కోర్ అల్ట్రా 200 వరుస డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, అంటే ఎల్‌జీఏ1851, డీడీఆర్5 ఒక్కటే తీసుకుంటాయి. 10, 11వ తరాల ఎల్‌జీఏ1200 డీడీఆర్4. నాలుగో తరం, అంతకు ముందరి రెండు, మూడో తరాలు డీడీఆర్3. మన దగ్గర ఆఫీసులనుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ మెషీన్లు చాలావరకు ఈ చివరి రకానివే.

ఇక్కడ ఒక పక్కమాట. మన హోసూరు పిల్లకాయలు ఎస్.పి. రోడ్డుకు పోతే కన్నడంలోనో హిందీలోనో, చెన్నై రిచీ వీధికి పోతే తమిళంలోనో అడగాల్సి వస్తుంది. భాష సరిగ్గా రాక, అంగట్లో జనం ఎక్కువుండి, గబగబా అడిగేసి చేతికిచ్చింది తెచ్చుకునే పిల్లల్ని నేను చూశాను. బోర్డు పేరు ఏ భాషలోనైనా అదే. కాగితం చేతికిచ్చి "ఈ బోర్డుకు పట్టేది" అనండి. బిల్లుమీద కూడా ఆ బోర్డు పేరు రాయించుకోండి. రేపు పట్టకపోతే మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది.

స్లాటులో దిగినంత మాత్రాన

తరం కుదిరింది, స్టిక్ దిగింది. పని అయిపోయిందా అంటే, కాలేదు. పట్టడం వేరు, పనిచేయడం వేరు. ఇది నేను నా జేబుకు చిల్లు పెట్టుకుని నేర్చుకున్నది.

కొన్నేళ్ల కిందట మా ఇంటి మెషీన్‌కు 16 జీబీ డీడీఆర్4 స్టిక్ ఒకటి చాలా చవగ్గా దొరికింది. గాటు సరిపోయింది, క్లిప్పులు టక్కుమని పడ్డాయి. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. ఆ రాత్రంతా బోర్డు పోయిందేమో అనుకున్నాను. మర్నాడు పాత స్టిక్ పెడితే హాయిగా లేచింది. తర్వాత తెలిసిందేమంటే, నేను కొన్నది సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్. పెద్ద కంపెనీలు పాత సర్వర్లు తీసేసినప్పుడు అవి కట్టలు కట్టలుగా సెకండ్‌హ్యాండ్ బజారుకు వస్తాయి. డీడీఆర్4లో సర్వర్ స్టిక్‌కూ మామూలు స్టిక్‌కూ గాటు ఒకటే చోట ఉంటుంది. అందుకే దిగుతుంది. కానీ మామూలు డెస్క్‌టాప్ దాంతో మాట్లాడలేదు. డీడీఆర్5లో ఈ రెండింటికీ గాట్లు వేరు చేశారు, మంచి పని చేశారు.

కంప్యూటర్ టీచరై ఉండి నేను చూడంది స్టిక్‌మీది లేబుల్. శామ్‌సంగ్, హైనిక్స్, మైక్రాన్ చిప్పుల స్టిక్‌లమీద ఒక పొడుగాటి వరుస ఉంటుంది. ఉదాహరణకు "8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-యూఏ2". చూడ్డానికి గజిబిజిగా ఉన్నా విడదీస్తే సులువే. 8 జీబీ అనేది పరిమాణం. 1ఆర్ అంటే చిప్పులన్నీ ఒకే జట్టుగా పనిచేస్తాయని, ఎక్స్8 అంటే ఒక్కో చిప్ ఒక్కసారికి 8 బిట్లు ఇస్తుందని. పీసీ4 అంటే డీడీఆర్4. 2666 వేగం. దాని తర్వాత గీత పక్కన వచ్చే అక్షరం చాలా ముఖ్యం. ఇంగ్లీషు "యూ" అయితే మామూలు డెస్క్‌టాప్ స్టిక్. "ఎస్" అయితే ల్యాప్‌టాప్‌ది. "ఆర్" అయితే నేను కొన్న సర్వర్ రకం. "ఈ" అయితే తప్పుల్ని సరిదిద్దే ఈసీసీ రకం, దాన్ని బోర్డూ ప్రాసెసరూ ఒప్పుకుంటేనే ఆ సదుపాయం పనిచేస్తుంది. సెకండ్‌హ్యాండ్ ర్యామ్ కొనేవాళ్లు ఈ ఒక్క అక్షరం చూసుకుంటే చాలా దుడ్డు మిగుల్తుంది.

రెండోది, ఎంతవరకు పట్టగలదు అన్న హద్దు. ప్రతి బోర్డుకూ ఒక గరిష్ఠం ఉంటుంది. పాత హెచ్61 చిప్‌సెట్ బోర్డుల్లో రెండే స్లాట్లు, ఒక్కోదాంట్లో 8 జీబీ, మొత్తం 16. నాలుగో తరం దాకా ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఒకే స్టిక్‌లో 16 జీబీ ఉండే డీడీఆర్3 అర్థంకాదు. పెడితే లేవదు. ఇంకొకటి, పాత మెషీన్‌లో 32 బిట్ విండోస్ ఉందేమో చూడండి. దానికి 4 జీబీకి మించి వాడుకోవడం రాదు. అప్పుడు మార్చాల్సింది ముందు విండోస్‌ను.

మూడోది, ప్రాసెసర్. ర్యామ్‌తో మాట్లాడే భాగం, మెమరీ కంట్రోలర్ అంటారు, ఒకప్పుడు మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో దాన్ని ప్రాసెసర్ లోపలికే తెచ్చాయి. అందుకని బోర్డు ఎంత మంచిదైనా, ప్రాసెసర్‌కు చేతనైనంతే వేగం. ఐ5-10400 ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన వేగం 2666. హెచ్410 లాంటి మామూలు బోర్డులో దాంతో 3200 స్టిక్ పెడితే పాడేమీ కాదు, కానీ 2666 దగ్గరే నడుస్తుంది. ఎక్కువ వేగానికి ఇచ్చిన దుడ్డు వృథా. హెచ్610 బోర్డుల్లో కూడా ర్యామ్‌ను హద్దు దాటించే వీలు ఇంటెల్ పెట్టలేదు. డీడీఆర్4 రకమైతే 3200 చాలు, 3600 కొనడం దండగ. అంగట్లో "ఇది ఇంకా ఫాస్ట్ సార్" అంటే నవ్వి ఊరుకోండి.

ఇవన్నీ ఒకేచోట దొరికేది బోర్డు కంపెనీ వెబ్‌సైటులో. బోర్డు పేరు కొట్టి, స్పెసిఫికేషన్స్ పేజీలో మెమరీ అన్న చోట చూడండి. తరం, గరిష్ఠం, స్లాట్లు, వేగాలు అన్నీ ఉంటాయి. సపోర్ట్ విభాగంలో క్యూవీఎల్ అనో మెమరీ సపోర్ట్ లిస్ట్ అనో ఇంకో జాబితా ఉంటుంది. కంపెనీవాళ్లు ఆ బోర్డులో తాము పెట్టి పరీక్షించిన స్టిక్‌ల పేర్లవి. మీరు కొనబోయేది అందులో ఉంటే నిశ్చింత. లేకపోతే పనిచేయదని మాత్రం అర్థంకాదు. బజారులో ఉన్న ప్రతి స్టిక్‌నూ వాళ్లు పరీక్షించలేరు కదా. నా మట్టుకు నేను మామూలు వేగం స్టిక్‌లకు ఈ జాబితాకోసం తల బద్దలుకొట్టుకోను. 6000, అంతకు మించిన వేగం డీడీఆర్5 కొనేటప్పుడు మాత్రం తప్పకుండా చూస్తాను. చూసేటప్పుడు పెట్టెమీది పేరు కాదు, పార్ట్ నంబరు పూర్తిగా పోల్చాలి. పేరూ రంగూ ఒకటే అయినా, పార్ట్ నంబరులో ఒక్క అక్షరం తేడా ఉంటే అది వేరే సరుకే.

3200 అని కొంటే 1600 చూపిస్తోందేంటి?

ఈ ప్రశ్న నన్ను అడగని సంవత్సరం లేదు. సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం వేసి చూస్తారు, 1600 అని కనబడుతుంది, అంగడివాడు సగం మోసం చేశాడని పరుగెత్తుకొస్తారు. మోసం లేదు. డీడీఆర్ అన్న పేరు అర్థమే "రెండింతల సమాచార వేగం" అని. గడియారం ఒకసారి కొట్టుకునేలోపు రెండుసార్లు సమాచారం పంపుతుంది, ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి. గడియారం సెకనుకు 1600 మిలియన్ల సార్లు కొట్టుకుంటే పంపకాలు 3200 మిలియన్లు. పెట్టెమీద వేసేది రెండోది.

దీంతోనే ఇంకో లెక్క. ఒక్కో పంపకంలో 64 బిట్లు, అంటే 8 బైట్లు పోతాయి. 3200ను 8తో గుణిస్తే 25,600. కొన్ని స్టిక్‌లమీద "పీసీ4-25600" అని రాసుండేది అదే, సెకనుకు ఇన్ని మెగాబైట్లని. పీసీ3-12800 అంటే ఎంత వేగమో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా భాగించి చెప్పగలరు. చెప్పండి చూద్దాం.

నిజంగానే తక్కువ వేగంతో నడిచే సందర్భం కూడా ఒకటుంది. స్టిక్‌మీద ఎస్‌పీడీ అనే బుల్లి చిప్ ఉంటుంది. "నేను ఇంత పరిమాణం, ఇంత వేగం, ఇన్ని వోల్టులు" అని తన వివరాలు అందులో రాసి ఉంటాయి. ఆన్ చేయగానే బోర్డు దాన్ని చదువుతుంది. ఎక్కువ వేగం స్టిక్‌లలో జాగ్రత్తకోసం ముందు మామూలు వేగమే రాసి, అసలు వేగాన్ని రెండో ఖాతాగా పెడతారు. ఇంటెల్ పద్ధతిలో దాన్ని ఎక్స్ఎంపీ అంటారు. ఏఎండీ 2022లో ఏఎం5తో పాటు ఎక్స్‌పో అని తెచ్చింది. బయోస్‌లోకి పోయి దాన్ని ఆన్ చేస్తే తప్ప 3600 అని కొన్నది 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంటుంది. చాలామంది ఇళ్లల్లో ఏళ్ల తరబడి అట్లాగే ఉంటుంది. ఆన్ చేశాక మెషీన్ తడబడితే మళ్లీ ఆఫ్ చేసుకోవచ్చు, నష్టం లేదు.

ఒకటా, రెండా?

16 జీబీ కావాలి. ఒకే స్టిక్ కొనాలా, ఎనిమిది ఎనిమిదిగా రెండు కొనాలా? మామూలు డెస్క్‌టాపుల్లో ర్యామ్‌కు ప్రాసెసర్‌కు మధ్య రెండు దారులుంటాయి. ఒక్క స్టిక్ పెడితే ఒక దారి ఖాళీగా ఉంటుంది. రెండు పెడితే సమాచారం రెండు దారుల్లోనూ పోతుంది. వేరే గ్రాఫిక్స్ కార్డు కొనలేని మనలాంటి ఇళ్లల్లో బొమ్మలు గీసే పని కూడా ప్రాసెసరే, ఆ ర్యామ్‌నే వాడుకుని చేస్తుంది. అందుకని రెండు స్టిక్‌ల తేడా బాగా తెలుస్తుంది. నా సలహా రెండు ఎనిమిదులు. రెండే స్లాట్లున్న బోర్డు అయి, రేపు 32 చేయాలని గట్టిగా ఉంటే మాత్రం ఒక 16తో మొదలుపెట్టడంలో తప్పులేదు.

నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్‌లు పక్కపక్కన పెట్టకూడదు. ఎక్కువ బోర్డుల్లో ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెడితే రెండోదీ నాలుగోదీ. బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది, అది చూసే పెట్టండి. నాలుగూ నింపితే వేగం తగ్గే అవకాశం ఉంది. ఏఎండీ రైజెన్ 7000 వరుసకు రెండు స్టిక్‌లతో 5200 అని చెప్పిన కంపెనీయే, నాలుగు పెడితే 3600 అంటుంది.

పాతదాని పక్కన కొత్తది పెట్టొచ్చా? ఒకే తరమైతే ఎక్కువసార్లు పనిచేస్తుంది, రెండింటిలో ఏది నెమ్మదో ఆ వేగంతో. పూచీ మాత్రం ఎవరూ ఇవ్వరు. కొత్తగా కొనేటప్పుడు ఒకే పెట్టెలో జతగా వచ్చేవి కొనడం మేలు.

బిగించేటప్పుడు

ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపడం కాదు, పీకండి. ఏదైనా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, స్టిక్‌ను అంచులతో పట్టుకోండి. గాటు, అడ్డు ఎదురెదురుగా చూసుకుని రెండు చివరలా సమానంగా నొక్కితే క్లిప్ టక్కుమంటుంది. కొన్ని బోర్డులకు ఒకవైపే క్లిప్ ఉంటుంది, కంగారు పడొద్దు. పెద్ద కూలర్ ఉంటే ఎత్తైన రేకులున్న ర్యామ్ దానికి తగులుతుందేమో కొనకముందే చూసుకోవాలి.

డీడీఆర్5తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా ఏఎం5 బోర్డుల్లో, తెర కొన్ని నిమిషాలపాటు నల్లగానే ఉండొచ్చు. బోర్డు కొత్త ర్యామ్‌తో పరిచయం పెంచుకుంటోందన్నమాట. ఈ టైములో భయపడి స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఒక టీ తాగి రండి. పావుగంటైనా రాకపోతే అప్పుడు అనుమానించాలి. చాలా బోర్డులమీద డీర్యామ్ అని రాసిన చిన్న దీపం ఉంటుంది. అది ఆరకుండా వెలుగుతుంటే ఒక్క స్టిక్‌తో, స్లాటు మార్చి చూడండి. బోర్డుకన్నా ర్యామ్ కొత్తదైతే బయోస్ అప్‌డేట్ కావాల్సి రావచ్చు. 24, 48 జీబీ డీడీఆర్5 స్టిక్‌లు వచ్చినప్పుడు చాలా బోర్డులకు అదే అవసరమైంది.

లేచాక కూడా ఒక పరీక్ష పెట్టాలి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికితే వస్తుంది. ఇంకా గట్టిగా కావాలంటే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్ ఉంచుకోవద్దు. వాపసు గడువు ఉండగానే ఈ పని చేయండి. చెడ్డ ర్యామ్ వెంటనే చావదు. పరీక్షకు ముందురోజు ప్రాజెక్టు ఫైలు పాడుచేసి అప్పుడు తెలియజేస్తుంది.

ఇక మన ప్లస్ వన్ పిల్లవాడి సంగతి. వాళ్లింటి మెషీన్ ఫోటో తెమ్మన్నాను. హెచ్61 బోర్డు, ఐ3-2120 ప్రాసెసర్, రెండు స్లాట్లు, ఒకటి ఖాళీ. డీడీఆర్3, యూడిమ్, ప్రాసెసర్ హద్దు 1333. కాగితంమీద వాడిచేతే రాయించాను. 4 జీబీ డీడీఆర్3 స్టిక్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. దానిమీద 1600 అని ఉంది, 1333 దగ్గర నడుస్తోంది. ఇప్పుడు రెండు దారుల్లో మొత్తం 8 జీబీ. కొన్న డీడీఆర్4 స్టిక్‌ను వాడి క్లాసుమేటు వాళ్ల అక్క తీసుకుంది. ఆమె కాలేజీ పనికోసం డీడీఆర్4 బోర్డుతో కొత్తది కట్టుకుంటోంది. వాడు కొన్న ధరకే తీసుకుంది. ఇవ్వబోయే ముందు ఆమె బోర్డు పేరు వాడే అడిగి చూసుకున్నాడట.

ఈ సెలవుల్లో కంప్యూటర్ కొనాలనో, ర్యామ్ పెంచాలనో అనుకునేవాళ్లు శనివారం మధ్యాహ్నం రెండింటినుంచి నాలుగింటిదాకా ల్యాబుకు రావచ్చు. మెషీన్ మోసుకురావద్దు. బోర్డు పేరున్న ఫోటో, ప్రాసెసర్ పేరు, ఇప్పుడున్న ర్యామ్ లేబుల్ ఫోటో, ఈ మూడు చాలు. ఇంతకుముందే కొనేసి, సీలు తీయనివాళ్లుంటే సీలు అలాగే ఉంచి, బిల్లుతో సహా తీసుకురండి.